ఎనభై దగ్గర మొదలయ్యే మోత

పాత ఫోర్ వీల్ జీపు అంటేనే మోతల పుట్ట. డీజిల్ ఇంజను దడదడ, గేరు బాక్సు మూలుగు, వదులైన తలుపుల కటకట, గాలికి కొట్టుకునే టాపు గుడ్డ, ఇవన్నీ కలిస్తేనే దాని మామూలు గొంతు. రోజూ నడిపేవారి చెవి ఆ గొంతుకు ఎంతగా అలవాటు పడుతుందంటే, దాన్ని శబ్దంగా లెక్కే చేయదు. అలాంటి బండిలో ఒకనాడు కొత్త మోత చేరుతుంది. ఊళ్ళో తిరుగుతుంటే ఉండదు. మారేడుమిల్లి ఘాట్ రోడ్డులో రెండో గేరులో ఎక్కుతుంటే ఉండదు. రావులపాలెం దాటి తణుకు వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద వేగం 70 దాటి 80కి చేరేసరికి ఎక్కడినుంచో ‘ఊఁ’ అని మొదలవుతుంది, వేగం తగ్గించగానే పోతుంది. షెడ్డుకు తీసుకెళ్తే మెకానిక్‌కు వినిపించదు, ఎందుకంటే షెడ్డు ముందున్న వీధిలో 80లో వెళ్ళడం ఎవరివల్లా కాదు. టైర్లు మార్చమని ఒకరంటారు, క్రౌన్ పోయిందని ఇంకొకరు, బేరింగులని మరొకరు. ఇలాంటి చోట మొదట అడుగుతున్న ప్రశ్నలే తప్పని నా వాదన. మోత ఎక్కడినుంచి వస్తోందని అడుగుతాం, దేనిలా వినిపిస్తోందని అడుగుతాం. ఈ రెంటికీ చెవి ఇచ్చే జవాబు నమ్మదగ్గది కాదు. మోత దేన్ని బట్టి మారుతోంది అన్నది మూడో ప్రశ్న. దానికి మాత్రం బండే స్వయంగా జవాబిస్తుంది, అడిగే పద్ధతిలో అడిగితే.

చెవి ఎందుకు మోసపోతుందో ముందు చూద్దాం. ఒక శబ్దం ఎడమనుంచి వచ్చిందా కుడినుంచి వచ్చిందా అన్నది మెదడు రెండు చెవులకూ అందే తేడాను బట్టి తేలుస్తుంది. పల్చని కీచు శబ్దానికి తల అడ్డుపడుతుంది కనుక ఒక చెవికి గట్టిగా, రెండో చెవికి తగ్గి వినిపిస్తుంది. బొంగురు శబ్దాల అల పొడవు ఎక్కువ. సెకనుకు 107 కంపనాలుండే మోతకు గాలిలో అల పొడవు సుమారు 3.2 మీటర్లు. అంటే ఒక్క అలే దాదాపు జీపంత పొడవు. అలాంటి అలకు మనిషి తల అడ్డే కాదు, రెండు చెవులకూ దాదాపు ఒకే తీరున అందుతుంది. పైగా జీపులో శబ్దం గాలిలోంచి మాత్రమే రాదు. వెనక ఇరుసు హౌసింగ్‌లో పుట్టిన కంపనం కమాను పట్టీల మీదుగా ఛాసిస్‌కు, అక్కణ్ణుంచి నేలరేకుకు, రేకునుంచి గాలికి పాకుతుంది. ఉక్కులో ధ్వని సెకనుకు దాదాపు 5 కిలోమీటర్ల వేగంతో పోతుంది, గాలిలో కంటే పదిహేను రెట్లు వేగం. చివరికి చెవికి వినిపించేది ఆ రేకు మోగడం. అందుకే వెనక చక్రంలో దోషానికి డ్రైవరు కాళ్ళ దగ్గర శబ్దం వినబడటం, ముందు హబ్‌లో దోషానికి వెనక సీట్లో కూర్చున్నవారు ఫిర్యాదు చేయడం మామూలే.

చోటు తెలియకపోతే పోనీ, తిరిగే వస్తువు ప్రతిదానికీ ఒక లెక్క ఉంది. విల్లీస్ నమూనా మీద మన దేశంలో మహీంద్రా వారు 1940ల చివరినుంచి తయారుచేస్తూ వచ్చిన జీపు దీనికి చక్కని ఉదాహరణ, ఎందుకంటే దాని అంకెలు సూటిగా ఉంటాయి. 6.00-16 టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.2 మీటర్లు కదులుతుంది. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు, కాబట్టి చక్రం సెకనుకు 10 చుట్లు తిరుగుతుంది. విల్లీస్ సీజే జీపుల్లో క్రౌన్‌కు 43 పళ్ళు, దాన్ని తిప్పే పినియన్‌కు 8 పళ్ళు, నిష్పత్తి 5.38. చక్రం 10 చుట్లు తిరిగేలోగా ప్రొపెల్లర్ షాఫ్టు 54 చుట్లు తిరుగుతుంది. పళ్ళు ఒకదానికొకటి తగలడం సెకనుకు 430 సార్లు. షాఫ్టు చివర ఉండే క్రాసు జాయింటు ఒక్కో చుట్టుకు రెండేసి సార్లు కుదుపు ఇస్తుంది కనుక దాని లెక్క 107 దాకా వస్తుంది. వేరే నిష్పత్తి, వేరే టైర్లు ఉన్న బండికి ఈ అంకెలు మారతాయి, కట్టే పద్ధతి అదే. పది హెర్ట్జుల, అంటే సెకనుకు పది సార్ల, కంపనం చెవికి అందదు, స్టీరింగులోనూ సీట్లోనూ చేతికీ ఒంటికీ తెలుస్తుంది. నూరు దాటినది బొంగురు మోతగా, నాలుగు వందలది హార్మోనియం మెట్టులాంటి స్పష్టమైన స్వరంగా వినిపిస్తాయి. అంటే వినడంలోనే మొదటి వడపోత జరిగిపోయింది.

ఇక్కడితో పని అయిపోయిందనుకుంటే పొరపాటు. చాలా పుస్తకాలు ఇక్కడే ఆగి, ఈ అంకె ఈ భాగం అని ఒక పట్టిక ఇచ్చి ఊరుకుంటాయి. ఆ పట్టికను నమ్ముకుంటే ఏం జరుగుతుందో 107 దగ్గరే తెలిసిపోతుంది. ఈ జీపుల్లో టాప్ గేరు అంటే ఇంజను తిరిగినంతా షాఫ్టు తిరగడమే. ముందు, వెనక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కూడా మామూలు స్థితిలో వేగాన్ని మార్చదు. కాబట్టి 80లో ఇంజను కూడా సెకనుకు 54 చుట్లే తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కో చుట్టుకు రెండు సిలిండర్లు పేలతాయి. అదీ 107. ఇంజను మౌంటింగు రబ్బరు చచ్చిపోయి వచ్చే మోతకూ, షాఫ్టు క్రాసు అరిగిపోయి వచ్చే మోతకూ అంకెలో వెంట్రుకవాసి తేడా కూడా ఉండదు. ఎంత గొప్ప పరికరంతో కొలిచినా ఉండదు, ఎందుకంటే అవి రెండూ ఒకే ఇరుసు మీద కట్టిపడేసినట్టు తిరుగుతున్నాయి. వాటిని వేరుచేయాలంటే ఆ కట్టు విప్పాలి.

విప్పడానికి నాలుగు స్థితులు చాలు. మొదటిది, 80లో గేరులో ఉండి యాక్సిలరేటరు తొక్కి లాగించడం. రెండోది, అదే గేరులో కాలు తీసేయడం. మూడోది, ఖాళీ రోడ్డు మీద న్యూట్రల్‌లోకి తెచ్చి బండిని దాని ఊపుకు వదలడం, ఇంజను ఆపకుండా. నాలుగోది, బండి నిలబెట్టి ఇంజనును అదే వేగానికి, అంటే నిమిషానికి 3,200 చుట్లకు కాసేపు లేపడం. చాలామంది మూడో పరీక్ష ఒక్కటే చేసి తీర్పు చెప్పేస్తారు. అందులో లోపం ఉంది. న్యూట్రల్‌లోకి తెచ్చినప్పుడు రెండు సంగతులు ఒకేసారి మారుతున్నాయి, ఇంజను వేగం పడిపోతోంది, షాఫ్టు మీది బలమూ పోతోంది. మోత ఆగితే ఏ మార్పువల్ల ఆగిందో ఎలా చెబుతాం? రెండో స్థితి ఉన్నది ఆ ముడి విప్పడానికే. అక్కడ ఇంజను వేగం మారకుండానే బలం పోతుంది. కాలు తీసినా మోత ఉండి, న్యూట్రల్‌లో పోతే, అది ఇంజను వేగాన్ని అనుసరిస్తోంది. నిలబెట్టి లేపినప్పుడు కూడా వినిపిస్తే ఇక సందేహం లేదు. న్యూట్రల్‌లోనూ అలాగే ఉంటే అది రోడ్డు వేగాన్ని అనుసరిస్తోంది, కాబట్టి ఇంజను, క్లచ్చు రెండూ ఈ కేసునుంచి బయటపడ్డాయి. కాలు తీయగానే పోతే బలాన్ని అనుసరిస్తోంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, ఒక్క బోల్టు విప్పకుండా, సగం బండిని అనుమానం నుంచి తప్పించాం.

క్రాసు జాయింటు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే గోదావరి జిల్లాల్లో జీపుల్ని ఎత్తు చేయించుకునే సరదా దాన్ని నేరుగా దెబ్బతీస్తుంది. ఈ జాయింటుకు ఇటలీ వాడైన కార్డానో పేరూ, 17వ శతాబ్దపు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ పేరూ ఉన్నాయి. రెండు షాఫ్టులు ఒకే గీతలో ఉంటే అది మామూలు కలయికే. వాటి మధ్య కోణం పడితే ఒక షాఫ్టు సమంగా తిరుగుతున్నా రెండోది ఒక్కో చుట్టులో రెండుసార్లు ముందుకు ఉరికి, రెండుసార్లు వెనకబడుతుంది. కోణం 3 డిగ్రీలైతే ఈ హెచ్చుతగ్గు 0.14 శాతం, పట్టించుకోనక్కర్లేదు. 10 డిగ్రీలైతే 1.5 శాతం, అంటే పది రెట్లకు పైగా. రెండో చివర ఉన్న జాయింటు ఈ తేడాను సరిగ్గా రద్దుచేసేలా అమర్చుతారు. అది జరగాలంటే రెండు చివర్లా కోణాలు సమానంగా ఉండాలి, షాఫ్టు రెండు చివర్ల ఫోర్కులు ఒకే తలంలో ఉండాలి. కమాను పట్టీలకు అదనపు పట్టీలు వేసి, పొడవు షాకిల్స్ కట్టి బండిని నాలుగు అంగుళాలు లేపినప్పుడు కోణం పెరుగుతుంది, రెండు చివర్లా సమానంగా పెరగదు. గ్రీజు కొట్టడానికి షాఫ్టు విప్పి, జారే స్ప్లైన్లను గుర్తు చూసుకోకుండా మళ్ళీ దూర్చినప్పుడు ఫోర్కులు తప్పుతాయి. అప్పుడు అరగని, కొత్త క్రాసులతోనే 107 మోత పుడుతుంది. క్రాసు మార్చినా పోదు, మళ్ళీ మార్చినా పోదు. అరిగిన క్రాసు ఆనవాలు వేరు. కప్పుల అంచున తుప్పు పొడి ఎర్రగా కనబడుతుంది, బండి మెల్లగా కదిలేటప్పుడే కిచకిచమంటుంది, గేరు వేయగానే టక్కుమంటుంది.

రెండో చిక్కు 430 దగ్గర ఉంది, అది మరింత గడుసుది. క్రౌన్ పినియన్ స్వరం 430 అని చెప్పుకున్నాం. బురదలో పట్టుకోసం వేసే పెద్ద గళ్ళ టైరుకు చుట్టూ నలభై పైచిలుకు గళ్ళు ఉంటే, అవి రోడ్డును తాకేదీ సెకనుకు నాలుగు వందల పైచిలుకే. ఇక గాలి. సన్నని కడ్డీకి అడ్డంగా గాలి వీస్తే దాని వెనక సుళ్ళు అటూ ఇటూ వరసగా విడిపోతాయి, వాటి లెక్క సుమారుగా గాలి వేగంలో అయిదో వంతును కడ్డీ మందంతో భాగిస్తే వస్తుంది. టాపు మీది క్యారియరు కడ్డీ ఒక సెంటీమీటరు మందం ఉంటే, 80లో దాని ఈల 444 హెర్ట్జులు. హౌసింగ్‌లో పళ్ళు, రోడ్డు మీద రబ్బరు, నెత్తిమీద కడ్డీ, ఈ మూడింటికీ ఎక్కడా పొత్తులేదు, స్వరం మాత్రం పక్కపక్క మెట్ల మీదే. క్రౌన్ ఊళ వేస్తోందని విని హౌసింగ్ విప్పిన తర్వాత, అసలు దోషి క్యారియరని తేలితే ఆ నష్టం చిన్నది కాదు, ఎందుకంటే క్రౌన్ పినియన్ సెట్టింగు ఒకసారి కదిపితే మళ్ళీ అదే పట్టులో కూర్చోబెట్టడం గట్టి చేతులకే సాధ్యం.

ఇక్కడ కూడా స్వరం ఎంత అన్నది తేల్చదు, దేనితో మారుతుందన్నదే తేలుస్తుంది. ఈ పరీక్షకు గోదావరి డెల్టా రోడ్డు చక్కని ప్రయోగశాల. సిద్ధాంతం నుంచి తాడేపల్లిగూడెం దాకా రోడ్డు దాదాపు సమతలం, ఎక్కుడూ దిగుడూ లేవు, కాబట్టి షాఫ్టు మీద బలం పూర్తిగా డ్రైవరు కాలి కింద ఉంటుంది. ఘాట్‌లో ఈ వీలు లేదు, అక్కడ వాలే బలాన్ని మారుస్తూ ఉంటుంది. క్రౌన్ పళ్ళకు రెండు ముఖాలుంటాయి, లాగేటప్పుడు ఒక ముఖం ఆనుతుంది, కాలు తీసినప్పుడు రెండో ముఖం ఆనుతుంది. లాగుతుంటే ఊళ వచ్చి కాలు తీయగానే పోతే మొదటి ముఖం అరిగింది. కాలు తీసినప్పుడే వస్తే రెండో ముఖమో, పినియన్ బేరింగు వదులో. లాగడమూ కాకుండా, వదలడమూ కాకుండా, వేగం నిలిచేటంత మాత్రమే తొక్కి పట్టుకుంటే పళ్ళు ఏ ముఖానికీ గట్టిగా ఆనవు, అప్పుడు స్వరం చెదురుతుంది. టైరుకు ఈ తేడాలేవీ తెలియవు. అది రోడ్డును పట్టి మారుతుంది, తారు నుంచి కాంక్రీటుకు, నునుపు తారునుంచి గరుకు తారుకు మారిన మరుక్షణం గొంతు మారుస్తుంది. గాలికి రోడ్డూ పట్టదు, కాలూ పట్టదు. దానికి కావలసింది గాలితో పోల్చిన వేగం. కోనసీమ తీరాన 216వ నంబరు రోడ్డు మీద సముద్రపు గాలి ఎదురైనప్పుడు 65లోనే మొదలై, తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనకనుంచి తోస్తే 90 దాటినా రాకపోతే, ఇక హౌసింగ్ జోలికి పోనక్కర్లేదు. గాలి శబ్దానికి ఇంకో గుణం ఉంది, వేగం రెట్టింపైతే దాని శక్తి సుమారు అరవై రెట్లు అవుతుంది. టైరు మోత అంత గబగబా పెరగదు. అందుకే 40లో జాడే లేని గాలి 80లో మిగతా శబ్దాలన్నిటినీ మింగేయగలదు.

టైర్ల గురించి చెప్పుకునేటప్పుడు ఈ నేల గురించి చెప్పుకోకుండా ఉండలేం. నల్లరేగడి బురద చక్రం లోపలివైపు రిమ్ము అంచున పేరుకుని రెండు రోజుల ఎండకు రాయిలా గట్టిపడుతుంది. బయటనుంచి కడిగితే కనిపించదు. కాలవ గట్ల మీదా, చేపల చెరువుల గట్ల మీదా తిరిగే బండికి ఇది నిత్యమూ ఉండేదే. ఇరుసునుంచి 20 సెంటీమీటర్ల దూరాన 200 గ్రాముల మట్టి అంటుకుందనుకోండి, 80లో అది చక్రాన్ని దాదాపు 16 కిలోల బరువంత బలంతో సెకనుకు పది సార్లు చుట్టూ గుంజుతుంది. 40లో ఆ బలం నాలుగో వంతే, ఎందుకంటే అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దీనివల్ల పుట్టేది వణుకు, అయితే ఆ వణుకు వదులుగా ఉన్న ప్రతి రేకునూ మోగిస్తుంది కనుక మోతగానే కంప్లయింటు వస్తుంది. ఏ బోల్టూ విప్పకముందు రిమ్ముల లోపల గీకి కడగడం మొదటి పని. అయినా పోకపోతే ముందు టైర్లను వెనక్కి, వెనకవి ముందుకు మార్చాలి. టైరు మోత అయితే టైరుతోపాటే చోటు మారుతుంది, లేదా గొంతన్నా మారుతుంది. ఉన్నచోటే ఉంటే టైరు నిర్దోషి.

డెల్టాలో నా దృష్టిలో మొదట అనుమానించాల్సింది చక్రాల బేరింగులను. కారణం నీరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, కోనసీమలో లంకలకు వెళ్ళే కాజ్‌వేలు మునిగాయి. అంతటి వరద రాని ఏడాది కూడా ఆ కాజ్‌వేల మీద మోకాలిలోతు నీళ్ళు మామూలే, ఫోర్ వీల్ బండి కొనుక్కునేదే వాటిని దాటడానికి. బ్రేకులు వాడుతూ వచ్చిన హబ్ వేడిగా ఉంటుంది. 70 డిగ్రీల్లో ఉన్న హబ్ ఒక్కసారిగా 30 డిగ్రీల నీళ్ళలో మునిగితే లోపలి గాలి చల్లబడి పీడనం సుమారు 12 శాతం తగ్గుతుంది. ఆ లోటును పూడ్చుకోవడానికి హబ్ గట్టిపడిన ఆయిల్ సీలు సందులోంచి నీటిని పీల్చుకుంటుంది. హౌసింగ్ మీద గాలి తీసుకునే చిన్న బ్రీదరు ఉంటుంది, అది మట్టితో మూసుకుపోతే హౌసింగ్‌కూ ఇదే గతి. లోపలికి చేరిన నీరు గ్రీజుతో కలిసి దాన్ని పాలలా తెల్లగా చేస్తుంది, రోలర్లకూ ట్రాకుకూ మధ్య ఉండాల్సిన పల్చని నూనె పొర నిలవదు. భీమవరం వైపు రొయ్యల చెరువుల ఉప్పునీరైతే తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. అలా తడిసిన బండిని నాలుగు రోజులు కదపకుండా నిలిపితే రోలర్లు ఆనిన చోటే తుప్పు మచ్చలు పడతాయి, రోలరుకు రోలరుకూ ఉన్నంత ఎడంలో. ఆ తర్వాత ఆ ట్రాకు మీద రోలరు దొర్లిన ప్రతిసారీ ఒక చిన్న దెబ్బ. పదహారు రోలర్ల బేరింగు అనుకుంటే ఆ దెబ్బలు 80లో సెకనుకు సుమారు 64 లేదా 96, దెబ్బతిన్నది ఏ ట్రాకన్నదాన్ని బట్టి. అది క్రౌన్ ఊళలాంటి స్వరం కాదు, గరగరలాడే బొంగురు రొద. టైరు గళ్ళూ, క్రౌన్ పళ్ళూ చక్రం తిరిగినదానికి సరిగ్గా పూర్ణాంకాల రెట్లలో మోగుతాయి. బేరింగు అలా కాదు, ఆరున్నర రెట్లో తొమ్మిదిన్నర రెట్లో అవుతుంది. కొలిచే సాధనం ఉన్నవారికి ఈ ఒక్క గుర్తు ఎంతో విలువైనది.

సాధనం లేనివారికి స్టీరింగు ఉంది. వెడల్పైన ఖాళీ రోడ్డు మీద బండిని మెల్లగా ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రాల మీదికి వాలుతుంది, అప్పుడు రొద పెరిగితే కుడివైపు బేరింగు, తగ్గితే ఎడమవైపు. ఈ పరీక్ష మీద ఒక ఆక్షేపణ ఉంది, అది న్యాయమైనదే. టైరు కూడా బరువు పెరిగితే గొంతు మారుస్తుంది కదా? మారుస్తుంది. వదులైన టేపర్ బేరింగు బరువు పడ్డప్పుడు బిగుసుకుని, పెరగాల్సింది పోయి నోరు మూసుకోవడం కూడా ఉంది. అందుకే తిప్పి చూడటం సాక్ష్యమే తప్ప తీర్పు కాదు. రోడ్డు తీరు మారినా మారని రొద, టైర్లు మార్చినా కదలని రొద, తిప్పితే మాత్రం మారే రొద, ఈ మూడూ కలిసినప్పుడు బేరింగు అని నమ్మవచ్చు. ఆ తర్వాత జాకీ ఎత్తి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేయి కమాను పట్టీ మీద ఆనిస్తే, చెవికి అందని గరుకు వేళ్ళకు తెలుస్తుంది.

ఫోర్ వీల్ బండికి మాత్రమే ఉండే తలనొప్పి ముందు ఇరుసు. చాలా పాత జీపుల్లో ముందు హబ్‌లు విడిపోవు, కాబట్టి టూ వీల్‌లో నడిపినా ముందు చక్రాలు ముందు క్రౌన్‌నూ, ముందు షాఫ్టునూ ఊరికే తిప్పుతూనే ఉంటాయి. మనం లివరు వేయలేదు కదా అని ముందు షాఫ్టును లెక్కలోంచి తీసేస్తే అసలు దోషి తప్పించుకుంటుంది. హబ్‌లు విడదీసే వీలున్న బండిలో వాటిని విడదీసి ఒకసారి, కలిపి ఒకసారి అదే వేగంతో వెళ్ళి చూడాలి. వీలులేని బండిలో ముందు షాఫ్టును రెండు చివర్లా విప్పి తీసేసి, టూ వీల్‌లో నడిపి చూడాలి. ఇందులో ఒక మంచి ఆనవాలు కూడా దొరుకుతుంది. ముందు టైర్లు వెనకవాటికంటే ఒక శాతం ఎక్కువ అరిగి ఉంటే ముందు క్రౌన్ 434 దగ్గర, వెనకది 430 దగ్గర మోగుతాయి. రెండు దగ్గర స్వరాలు కలిస్తే వాటి తేడా ఎంతో అన్నిసార్లు, ఇక్కడ సెకనుకు నాలుగుసార్లు, శబ్దం ఉబ్బి తగ్గుతుంది. మోత ‘వూఁ వూఁ వూఁ’ అని అలలుగా వస్తుంటే లోపల ఒకటి కాదు, రెండు మూలాలున్నాయని అర్థం. అయితే దీన్ని నిర్ధారించుకోవడానికి పొడి తారు మీద ఆ వేగంలో ఫోర్ వీల్ లివరు వేయడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ముందూ వెనకా ఒకే వేగానికి కట్టుబడి, జారే బురద లేక, ఆ మెలి అంతా గేర్ల మీద పడుతుంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా వేగంతోపాటు పెరిగే మోతలకు సరిపోతుంది. సరిగ్గా 78లో వచ్చి 88లో పోయే మోత ఇంకో తరహా. ఉయ్యాలను దాని లయలో తోస్తేనే ఎత్తుకు లేస్తుంది. అలాగే బండిలోని ప్రతి గొట్టానికీ, రేకుకూ, కడ్డీకీ దాని సొంత లయ ఉంటుంది, షాఫ్టు కంపనం ఆ లయను దాటి పోయే కొద్ది సేపు అది గట్టిగా మోగుతుంది. గేరు రాడ్డు మీద చేయి వేయగానే మోత ఆగిపోయింది, కాబట్టి గేరు రాడ్డే దోషి అనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. మోగేది ఒకటి, మోగించేది ఇంకొకటి. చేయి వేసి ఆపింది మోగేదాన్ని. మోగించేది షాఫ్టులోనో, చక్రంలోనో ఇంకా ఉంది, రాడ్డుకు రబ్బరు కట్టి ఊరుకుంటే అది వినిపించకుండా అరుగుతూ పోతుంది.

ముప్పై ఏళ్ళ అనుభవమున్న మెకానిక్ చెవి ముందు ఈ లెక్కలెందుకని ఎవరైనా అడగవచ్చు. రాజమండ్రిలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అలాంటి చేతులు నిజంగానే ఉన్నాయి, వారి మీద నాకు గౌరవమే. వారు బండి ఎక్కి ఏం చేస్తారో గమనిస్తే, కాలు తీస్తారు, తొక్కుతారు, స్టీరింగు కొంచెం అటూ ఇటూ ఊపుతారు, న్యూట్రల్ చేస్తారు. ఇవే పరీక్షలు, పేరు పెట్టకుండా. వారి నేర్పు చెవిలో ఉన్నదానికంటే ఎక్కువగా కాలిలోనూ చేతిలోనూ ఉంది. వారికి దొరకనిది 80లో సాగే పది నిమిషాల రోడ్డు, అది బండి యజమానికి దొరుకుతుంది. ఆయన ఈ నాలుగు స్థితుల్లో ఏం విన్నాడో రాసుకుని వెళ్తే మెకానిక్ పని సగమవుతుంది. ఇంకొందరు అనుమానమున్నవన్నీ వరసగా మార్చేస్తే పోలా అంటారు. మార్చడం కూడా ప్రయోగమే, అదుపులేని ప్రయోగం. బేరింగు కప్పు వంకరగా కొట్టినా, పినియన్ బిగింపు ఎక్కువైనా కొత్త మోత పుట్టి పాతదానితో కలుస్తుంది, అంతకుముందు స్పష్టంగా ఉన్న ఆనవాళ్ళు చెదిరిపోతాయి. సెల్‌ఫోను సంగతీ అడుగుతారు. స్వరం ఎంతో చూపించే ఉచిత యాప్‌లు ఈ పనికి సరిపోతాయి, ఫోను మైకు శబ్దం పెద్దదా చిన్నదా అన్నది సరిగ్గా చెప్పలేకపోయినా కంపనాల సంఖ్య సరిగ్గానే చెబుతుంది. చిక్కంతా వేగంలో ఉంది, వేగం ఒక్క కిలోమీటరు మారితే 430 స్వరం అయిదు హెర్ట్జులు జరుగుతుంది. పాత స్పీడోమీటరు ముల్లును నమ్మకుండా జీపీఎస్ వేగం చూడాలి, పక్కన కూర్చున్నవారు ఫోను పట్టుకోవాలి, డ్రైవరు కాదు.

పాత బండికి ఇంత అవసరమా అన్న మాటకు జవాబు షాఫ్టు కింద ఉంది. ముందువైపు క్రాసు విరిగితే షాఫ్టు కొన రోడ్డు మీద పడి గుచ్చుకుంటుంది, వెనక బండి ఇంకా 80లో వస్తూ ఉంటుంది. పట్టేసిన హబ్ బేరింగు చక్రాన్ని బిగించేయనూ వచ్చు, ఊడదీయనూ వచ్చు. ఈ రెంటి అనుమానమున్న బండిని పరీక్ష కోసం కూడా హైవే ఎక్కించకూడదు, ముందు జాకీ ఎత్తి చేత్తో చూడాలి. గాలి ఈల, టైరు రొద, క్రౌన్ ఊళ నెలల తరబడి ఆగగలవు. ఏది ఆగగలదో ఏది ఆగలేదో తేల్చుకున్నాక, ఒక్కసారికి ఒక్క మరమ్మతు మాత్రమే చేయించి, అదే రోడ్డు మీద, అదే టైరు గాలితో, అదే వేగంలో, అంతే బరువుతో మళ్ళీ ఆ నాలుగు స్థితులూ చూసి పాత కాగితం పక్కన రాసుకోవాలి.